రన్‌వేకి రంగు వేసిన వారం

నగరం, రవాణా భవనం, నాలుగో అంతస్తు
మార్చి 14

అక్కా,

నిన్న మధ్యాహ్నం మూడు గంటలకు ప్రాంతీయ రవాణా మండలి నీ విమానాల మైదానాన్ని ఈ ఏడాది చివరికల్లా మూసివేయాలని తీర్మానించింది. ఆ స్థలంలో బస్సు డిపో వస్తుంది. మూసివేతకు సిఫారసు చేసిన నివేదిక రాసింది నేనే.

ఇంకొకరి నోట వినేకంటే నా చేతిరాతలో చదవడం మేలనిపించింది. ఫోన్ చేయొచ్చు. కానీ ఫోన్లో మనిద్దరం మూడో మాటకే గొంతులు పెంచుతాం. కాగితం మీదైతే కనీసం వాక్యం పూర్తయ్యేదాకా ఆగుతాం.

కారణాలు చెప్తాను. వచ్చే ఇరవై ఏళ్ల ప్రణాళిక కోసం ఈ ప్రాంతంలో ఉన్న ప్రతి రోడ్డు మీద, ప్రతి రైలు స్టేషన్లో, ప్రతి రేవులో రాకపోకలు లెక్కించాం. జనవరి చివరి వారం మీ మైదానం వంతు వచ్చింది. కంట్రోల్ టవర్ లేని చోట విమానాలను లెక్కించడానికి చప్పుడు వినే పెట్టె ఒకటి ఉంటుంది. విమానం పైకి లేచే మోత విన్నప్పుడల్లా ఒక గుర్తు వేసుకుంటుంది. దాన్ని మీ కంచె బయట తూర్పు వైపు పెట్టించాను. వారం తర్వాత తీసి చూస్తే ఒక్క గుర్తూ లేదు.

నదికి అవతల నలభై ఊళ్లకు బస్సు లేదు. అక్కడ బస్సులు నిలుపుకునే చోటు లేకపోవడమే కారణం. నగరం నుంచి ఖాళీ బస్సు పంపితే అది అక్కడికి చేరేసరికే పొద్దెక్కుతుంది. ఆ చుట్టుపక్కల చదునైన ప్రభుత్వ స్థలం మీదొక్కటే.

లెక్కించే వారం ఏదో నీకు చెప్పలేదు. ఇన్‌చార్జికి ముందుగా చెప్పకూడదన్నది నిబంధన. ఆ ఇన్‌చార్జి సొంత అక్క అయితే మరీ చెప్పకూడదు. 'జనవరిలో మావాళ్లు ఒకసారి వచ్చి చూస్తారు' అని మాత్రం ఫోన్లో అన్నాను, గుర్తుందా?

పెద్ద విమానాశ్రయంలో నీకు తగిన ఉద్యోగం గురించి మా ఆఫీసు పెద్దాయన మాట్లాడతానన్నారు.

నీ తమ్ముడు

*

విమానాల మైదానం, ఆఫీసు గది
మార్చి 19

గౌరవనీయులైన ప్రణాళికాధికారి గారికి,

మీ లేఖ ఈ ఉదయం టపా సంచిలో అందింది. ఆ సంచి విమానంలో వచ్చింది. ఆ విమానం మీ నివేదికలో లేదు.

మీరు లెక్కించిన వారం రన్‌వే మూసి ఉంది. ఆ సంగతి పైలట్లందరికీ నోటీసు పంపాం. విమానయాన శాఖకూ పంపాం. రవాణా మండలికి కూడా పంపాలని మాకు ఎవరూ చెప్పలేదు. ఎందుకు మూశారని మాత్రం అడగవద్దు.

కంచె బయట పెట్టెను మేమందరం వాన కొలిచే పరికరం అనుకున్నాం. మా మెకానిక్ నట్టు రోజూ దాని మీద దుమ్ము కూడా తుడిచాడు.

నా ఉద్యోగం గురించి మీ పెద్దాయన శ్రమ పడనవసరం లేదు.

ఇట్లు,
మైదానం ఇన్‌చార్జి

మరదల్నీ పిల్లనీ అడిగానని చెప్పు. ఈ వాక్యం ప్రణాళికాధికారికి కాదు.

*

నగరం, రవాణా భవనం
మార్చి 24

అక్కా,

'మీరు' అని రాశావు. మీ మరదలు ఉత్తరం చదివి, ఇంకా నయం, 'అయ్యా' అనలేదు అంది.

ఒక్కటి చెప్పు. రన్‌వే ఎందుకు మూశారు? నోటీసు నకలు విమానయాన శాఖ నుంచి తెప్పించుకున్నాను. 'నిర్వహణ పనులు' అని మాత్రమే ఉంది. కారణం సరైనదైతే మళ్లీ లెక్కించమని అడిగే వీలుంది. వట్టి చేతులతో వెళ్లి పెద్దాయన ముందు ఏం పెట్టను?

నువ్వు చెప్పకపోతే నట్టుని అడుగుతాను. వాడు ఒకటికి పది కలిపి చెప్తాడని నీకూ తెలుసు.

నీ తమ్ముడు

*

విమానాల మైదానం, ఆఫీసు గది
మార్చి 29

గీతలోడా,

నట్టుని అడగొద్దు. నేనే చెప్తాను. రంగు వేశాం.

మీవాళ్లు వస్తారని నువ్వు ఫోన్లో అన్నావు. ఫోన్ పెట్టేసి బయటికి వెళ్లి రన్‌వే చూశాను. మధ్య గీత సగం చెరిగిపోయి ఉంది. రెండు చివర్లా రాసే అంకెలు నాకు తెలుసు కాబట్టి చదవగలిగాను, కొత్తవాళ్లకి కనబడవు. తమ్ముడి ఆఫీసు నుంచి మనుషులు వస్తుంటే ఇల్లు ఇలాగా ఉండేది అనిపించింది. నువ్వు చిన్నప్పుడు గోడలన్నీ గీతలతో నింపితే అమ్మ ఎవరైనా వచ్చే ముందు సున్నం కొట్టించేది కదా, ఆ బుద్ధే నాకూ వచ్చినట్టుంది.

మున్సిపాలిటీ వాళ్ల రోడ్డు గీతల మిషను అరువు తెచ్చాం. మధ్యలో ఒకరోజు వాన పడి తడి ఆరలేదు. అందుకే వారమంతా పట్టింది. మిషను అంకెలు వేయలేదు, వాటిని చేత్తోనే వేయాలి. టపా పైలటు వచ్చాడు. కరెంటు తీగలు తనిఖీ చేసే ఆయన వచ్చాడు. అడవి మీద పొగ కనిపెట్టే కుర్రాడు వచ్చాడు. విత్తనాల దుకాణం ఆవిడ మా దగ్గర విమానం నేర్చుకుంటోంది, ఆవిడా బ్రష్షు పట్టింది. నీ పెట్టె చెవులు రిక్కించుకుని వింటున్నంతసేపూ దాని ముందే విమానాలవాళ్లందరం మోకాళ్ల మీద కూర్చుని అంకెలు దిద్దుతున్నాం.

మీవాళ్లు రానే లేదు. ఎవరొస్తారోనని నట్టు ఉతికిన చొక్కా వేసుకుని అయిదు రోజులు గేటు దగ్గర నిలబడ్డాడు.

ఆ వారం డాక్టరమ్మ విమానం ఒక్కటే ఆపలేదు. ఆవిడ తనే విమానం నడుపుకుంటూ వెళ్లి కొండలకవతల నాలుగు ఆసుపత్రులు చూస్తుంది. లోయ చుట్టూ రోడ్డు మీద పోతే ఒక్కో ఆసుపత్రికి ఒక పగలు పడుతుంది. గాలిలో అరగంట. ఆవిణ్ణి పడమర వైపు పాత గడ్డి రన్‌వే మీద దించాం. నీ పెట్టెకి అంతదూరం వినబడలేదు.

ఇదంతా మార్చి పంతొమ్మిదినే రాయాల్సింది. నీకోసం ముస్తాబు చేసి నా కొంప నేనే ముంచుకున్నానని ఒప్పుకోవడానికి పది రోజులు పట్టింది.

అక్క

*

నగరం, ఇంటి నుంచి
మే 6

అక్కా,

పెద్దాయనకి ఉత్తరం చదివి వినిపించాను. 'ఇల్లు ఇలాగా ఉండేది' అన్న చోట ఆపమని, కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. నవ్వుతున్నారో ఏమిటో తెలియలేదు.

జూన్ రెండో వారం మళ్లీ లెక్కించాలని మండలి ఒప్పుకుంది. ఈసారి పెట్టె లేదు, మనిషే కూర్చుని చూడాలి. ఆ వారం ఇన్‌చార్జి అక్కడ ఉండకూడదు. ఎవరిని పంపాలన్న మాట వచ్చినప్పుడు పెద్దాయన నా పేరు చెప్పారు. వాళ్లు అక్కాతమ్ముళ్లు కదండీ అని ఒక సభ్యుడు అభ్యంతరం చెప్పాడు.

దానికి పెద్దాయన సమాధానం: "సొంత అక్క ఉద్యోగం ఊడగొట్టినవాడండీ. ఇంతకంటే నిష్పక్షపాతిని నేనెక్కణ్ణుంచి తేను?"

కాబట్టి నేను అక్కడికి వస్తున్నాను, నువ్వు ఇక్కడికి రా. నువ్వొచ్చిన పూటే నేను బయలుదేరతాను. మీ మరదలు గది సర్దింది. నీ మేనకోడలు నిన్ను ఇక్కడి బస్సు డిపోకి తీసుకెళ్తానని మాట ఇచ్చేసింది, ఎవరికిచ్చిందో తెలియదు.

ఒక సంగతి ముందే చెప్పాలి. లెక్క తక్కువొస్తే తక్కువనే రాస్తాను.

నీ తమ్ముడు

*

విమానాల మైదానం, నీ కుర్చీ
జూన్ 12

అక్కా,

నీ కుర్చీకి ఒక కాలు పొట్టి. కింద అట్టముక్క మడిచి పెట్టావు, అది జరిగినప్పుడల్లా నేనూ జరుగుతున్నాను. గోడ మీద మ్యాప్‌లో మీ మైదానం ఉన్న చోట వేళ్ల రాపిడికి కాగితం చిరిగి గోడ కనబడుతోంది. మ్యాప్ ప్రకారం నేనిప్పుడు ఒక చిల్లులో కూర్చున్నాను.

మొదటిరోజు నట్టు రేడియో పెట్టి ఒకే మాట చెప్పాడు. "సార్, వినండి, మాట్లాడకండి. మీరు మాట్లాడితే వాళ్లు నమ్ముతారు."

మొదట వచ్చింది టపా విమానం. పైలటు తనెవరో, ఎక్కడున్నాడో, ఎంత ఎత్తులో ఉన్నాడో, ఏం చేయబోతున్నాడో చెప్పాడు. జవాబు లేదు. మలుపు తిరిగి మళ్లీ చెప్పాడు. ఎవరికి చెప్తున్నాడని నట్టుని అడిగాను. ఎవరుంటే వాళ్లకి అన్నాడు. ఎవరూ లేకపోతేనో అన్నాను. లేరని తెలిసేదెలా, చెప్పాల్సిందే కదా అన్నాడు.

ఇరవై ఏళ్లుగా నేను చేస్తున్న పని కూడళ్లలో సిగ్నళ్లు పెట్టించడం. సిగ్నల్ చెడిపోయిన కూడలిలో ఏం జరుగుతుందో నాకు తెలుసు. కాబట్టి నిన్న చూసినదాన్ని చూసినట్టే రాస్తాను.

నిన్న ఉదయం పది గంటలకు నగరం మీద మబ్బు కిందికి దిగింది. పెద్ద విమానాశ్రయం చిన్న విమానాలను రానివ్వడం ఆపేసింది. అటు పోవాల్సినవీ ఇటే తిరిగాయి. పదిన్నరకు మీ మైదానం చుట్టూ టపా విమానం, తీగల తనిఖీ విమానం, పొగ కనిపెట్టే విమానం ఉన్నాయి. వాటితోపాటు విత్తనాలావిడ ఉంది. ఆవిడ ఒంటరిగా ఎక్కిన మొదటిసారి అది. ఆవిడకి నేర్పే ముసలాయన నా కిటికీ బయట చేతి రేడియో పట్టుకుని నిలబడ్డాడు.

అప్పుడు డాక్టరమ్మ గొంతు వినిపించింది. "ఉత్తరం నుంచి వస్తున్నాను. ఎనిమిది నిమిషాల్లో దిగుతాను. నాతో పసిబిడ్డ ఉంది."

అంతే. దారి ఇవ్వమని అడగలేదు.

టపా పైలటు, నేను కొండ వైపు వెళ్లి తిరుగుతుంటాను అన్నాడు. తీగలాయన తను ఉన్న ఎత్తులోనే ఉంటానన్నాడు. పొగ కుర్రాడు ఆయన కంటే పైకి పోతానన్నాడు. ఒకరి మాట మీద ఒకరి మాట పడలేదు.

అందరికంటే నేలకు దగ్గరగా ఉన్నది విత్తనాలావిడ. అప్పటికే రన్‌వేకి ఎదురుగా తిరిగి కిందికి వస్తోంది. ముసలాయన రేడియో నోటి దగ్గరకు తీసుకున్నాడు. కాసేపు అలాగే ఉంచి, దించేశాడు.

"విత్తనాల విమానం," అంది ఆవిడ. "నేను దిగడం లేదు. పైకి వెళ్లి మళ్లీ చుట్టు తిరిగొస్తాను. డాక్టరుగారూ, రన్‌వే మీదే."

మొదటి మాటలో గొంతు వణికింది. చివరి మాటలో వణకలేదు.

డాక్టరమ్మ దిగింది. షెడ్డు పక్కన అంబులెన్సు తలుపులు తెరిచే ఉన్నాయి. బిడ్డ ఉన్న గాజు పెట్టెను ఇద్దరు మోసుకెళ్లారు. తలుపులు మూసుకున్నాయి, అంబులెన్సు గేటు దాటింది. పైన నాలుగు విమానాలు తిరుగుతూనే ఉన్నాయి. అప్పుడు తీగలాయన, ముందు విత్తనాలావిణ్ణి దిగనిద్దాం అన్నాడు. మిగతా ఇద్దరూ సరేనన్నారు. ఆవిడ దిగింది, తర్వాత వాళ్లు ఒక్కొక్కరే.

ఈ మొత్తంలో ఎవరూ ఎవరికీ ఆజ్ఞ ఇవ్వలేదు. ఇచ్చే అధికారం ఉన్నవాడు అక్కడ ఎవడూ లేడు.

ఇంజను ఆపాక కూడా విత్తనాలావిడ చాలాసేపు కిందికి దిగలేదు. ముసలాయన దగ్గరకెళ్లి, ఎనిమిది నిమిషాలుంది కదా, ముందు దిగిపోవాల్సింది అన్నాడు. "దిగితే రన్‌వే మీంచి పక్కకి రావడానికి నేను తడుముకుంటాను కదండీ," అంది. "ఆ బిడ్డకి అంత టైముందో లేదో నాకేం తెలుసు?"

నా కాగితంలో 'దిగినవి: అయిదు' అని రాశాను. పెన్ను మూత పెట్టకుండానే జేబులో పెట్టుకున్నట్టున్నాను, సాయంత్రం చూసుకుంటే చొక్కా అంతా సిరా. బిడ్డ బాగానే ఊపిరి తీస్తోందని డాక్టరమ్మ ఫోన్ చేసింది.

నీ తమ్ముడు

*

నగరం, మీ వంటగది బల్ల
జూన్ 14

గీతలోడా,

నీ ఉత్తరం మరదలు పైకి చదివింది. మధ్యలో ఒకచోట ఆపేసి నీళ్లు తాగొచ్చింది. రన్‌వేకి రంగు వేయించినదాన్ని, ముప్పై ఏళ్లుగా ఆ రేడియో వింటున్నదాన్ని. అది గొప్ప సంగతని నాకెప్పుడూ తట్టలేదు. నీళ్ల పంపు శబ్దంలా వింటూ ఉన్నాను.

ఇప్పుడు నీ ఊరి సంగతి నేను చెప్తాను. నీకూ తట్టి ఉండదు.

నా మేనకోడలు నన్ను తెల్లారకముందే లేపి డిపోకి లాక్కెళ్లింది. షెడ్డు నిండా బస్సులు, పక్కపక్కనే, అద్దానికి అద్దం తగిలేంత దగ్గరగా. గేటు దగ్గర ఎత్తు బల్ల మీద ఒకావిడ కూర్చుంది. ఆవిడ చెయ్యెత్తితే ఒక బస్సు కదులుతుంది. ఎత్తిన చెయ్యి దించేసరికి ఇంకోటి దాని వెనక్కి వచ్చి ఆగుతుంది. హారన్ లేదు, కేక లేదు. అలా ఊరి నాలుగు మూలలకీ దీపాలు వెళ్లిపోయాయి. విమానం రన్‌వే చివర ఊపిరి బిగబట్టుకుని నిలబడే క్షణం నాకు బాగా తెలుసు. వీళ్లకి అది నిమిషానికోసారి వస్తుంది.

నిన్న నేనూ పిల్లా కలిసి నది వైపు పోయే బస్సు ఎక్కి చివరి స్టాపుదాకా పోయాం. అక్కడ అందరూ దిగారు. ఎవరూ ఇంటికి చేరినట్టు కనబడలేదు. ఆసుపత్రిలో ఆయాగా చేసే ఒకావిడ గట్టు మీద కూర్చుని చెప్పులు విప్పి సంచిలో పెట్టుకుని, గుడ్డ బూట్లు తొడుక్కుంటోంది. ఎక్కడికమ్మా అని అడిగాను. వంతెన అవతల మా ఊరికి అంది. బస్సు లేదా అంటే, ఇదే కదా బస్సు అని వెనక్కి చూపించింది. ఎంతసేపు నడవాలంటే, మాటల్లో పడితే తొందరగానే పోతుందండీ అంది. ఆవిడతో ఇంకో పదిమంది కదిలారు. ముందువాళ్లు వెనకవాళ్లకోసం ఆగి మరీ వెళ్లారు.

ఆవిడ ఊరి పేరు చెప్పింది. దాని మీంచి నేను వారానికి నాలుగుసార్లు విమానం నడుపుకుంటూ పోతాను. నది నుంచి ఆ ఊరిదాకా పైనుంచి తెల్లటి గీత ఒకటి కనబడుతుంది. ఎండిపోయిన వాగు అనుకున్నాను ఇన్నాళ్లూ. అది వాళ్లు నడిచిన దారి.

వంతెన మీద వాళ్లు చిన్నగా అయ్యేదాకా చూస్తూ నిలబడ్డాను. అత్తా బస్సు పోతోంది అని పిల్ల లాగితే గానీ కదల్లేదు.

అక్క

*

విమానాల మైదానం, ఆఫీసు గది
జూలై 9

తమ్ముడూ,

నీ డిపోకి మైదానమంతా అక్కర్లేదు. మీ పటం తెప్పించి కొలిచాను. బస్సులు నిలపడానికి, తిప్పడానికి, కడగడానికి కలిపి మా పడమర గడ్డి రన్‌వే, దాని పక్క ఖాళీ స్థలం సరిపోతాయి. గేటు కూడా అటే ఉంది. ఆ గడ్డి రన్‌వే తీసుకోండి.

ఈ చివరి వాక్యం రాయడానికి మూడు కాగితాలు చింపాను. ఇక్కడ మొదట ఉన్నది అదే. తారు రన్‌వే తర్వాత వచ్చింది. నేను నేర్చుకున్నది ఆ గడ్డి మీద. గడ్డి తప్పు క్షమిస్తుంది, తారు క్షమించదు అని మా గురువు అనేవాడు. ఇకమీదట నేర్చుకునేవాళ్లు తారు మీదే నేర్చుకోవాలి.

నిన్న అందరినీ షెడ్డులో కూర్చోబెట్టి చెప్పాను. నట్టు పానా కింద పడేసి బయటికి వెళ్లిపోయాడు. డాక్టరమ్మ మాత్రం సూటిగా అడిగింది. "పక్కగాలి బలంగా కొట్టిన రోజున నన్ను ఎక్కడ దిగమంటావ్?"

గాలి అడ్డంగా కొట్టినప్పుడు గడ్డి రన్‌వే దానికి ఎదురుగా ఉంటుంది. అది పోతే, ఏడాదిలో కొన్ని రోజులు ఆవిడ ఇక్కడ దిగలేదు. ఆ రోజుల్లో కొండల అవతల ఎవరికో కష్టం వస్తుంది. ఆ రోజు ఏం చేయాలో కూర్చుని ఆలోచిద్దాం అన్నాను. దానికి ఆవిడ, మరి ఆ వంతెన మీద నడిచేవాళ్లవీ కాళ్లే కదా అంది.

ఈ నష్టాన్ని నివేదికలో దాచొద్దు. మొదటి పేజీలోనే రాయి. దాచి గెలిస్తే ఆ గాలి వీచిన రోజు మనిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకోలేం.

నట్టు సాయంత్రానికి తిరిగొచ్చాడు. ఇద్దరం సున్నం పట్టుకుని గడ్డి రన్‌వే చుట్టూ హద్దు వేశాం. వాడు తన వైపు హద్దు తాడు పట్టినట్టు తిన్నగా వేశాడు.

గడ్డి రన్‌వే ఉండదు కాబట్టి, ఇకనుంచి రంగు వేసేటప్పుడు తారు రన్‌వేని సగం సగంగా మూయాలి. ఎప్పుడు వేస్తున్నామో రవాణా మండలికి కూడా నోటీసు పంపుతాం.

అక్క

*

నగరం, రవాణా భవనం, నాలుగో అంతస్తు
సెప్టెంబరు 18

అక్కా,

జూన్ లెక్కనీ నీ గడ్డి రన్‌వే ప్రతిపాదననీ చూసి ఈ మధ్యాహ్నం పన్నెండు గంటలకు మండలి మూసివేత తీర్మానాన్ని పక్కన పెట్టింది. రద్దు చేయలేదు. ఏడాది తర్వాత మళ్లీ చర్చకు వస్తుంది. అనుకూలంగా ఏడు ఓట్లు, వ్యతిరేకంగా ఆరు. గడ్డి రన్‌వే డిపోకి వెళ్తుంది. తారు రన్‌వే, షెడ్డు, రేడియో నీకుంటాయి.

పక్కగాలి సంగతి మొదటి పేజీలోనే రాశాను. దాని మీదే గంటసేపు వాదన నడిచింది. వ్యతిరేకించిన ఆరుగురిలో ఇద్దరు దాన్నే కారణంగా చూపారు. రాయకుండా ఉంటే తొమ్మిది ఓట్లు వచ్చేవేమోనని పెద్దాయన బయటికొచ్చాక అన్నారు. అని, నా భుజం తట్టి వెళ్లిపోయారు. ఆ గాలి రోజుల కోసం లోయ అవతలి చివర పాత మైదానం ఒకటి బాగుచేయడానికి వీలుందేమో నవంబరులో చూడమని నాకు అప్పగించారు. డాక్టరమ్మకి చెప్పు, హామీ మాత్రం ఇవ్వకు.

ఒక సభ్యుడు జూన్ పదకొండున చూసింది చెప్పమన్నాడు. నీకు రాసిందే చెప్పాను. విత్తనాలావిడ మాట దగ్గరకొచ్చేసరికి హాల్లో ఫ్యాన్ల చప్పుడు వినిపించింది. నేను కూర్చున్నాక కూడా అధ్యక్షుడు తర్వాతి అంశం చదవడానికి కొంత సమయం తీసుకున్నాడు.

డిపో కట్టడానికి ఏడాది పడుతుంది. అందాకా రెండు బస్సులు రాత్రిళ్లు మీ షెడ్డు పక్కన ఉంటాయి. డ్రైవర్లకి పడుకోను చోటు చూడమని నట్టుకి చెప్పు.

టైమ్‌టేబుల్ నేనే వేశాను. ఇప్పటిదాకా నేను వేసిన ఏ టైమ్‌టేబుల్లోనూ బస్సు దేనికోసమూ ఆగదు. ఇందులో ఒక వాక్యం చేర్చాను. టైపు చేసే అమ్మాయి ఇది పొరపాటా సార్ అని లేచి వచ్చి అడిగింది. కాదు, అలాగే ఉంచమన్నాను.

అక్టోబరు మొదటి సోమవారం ఉదయం అయిదుంబావుకి మొదటి బస్సు మీ గేటు నుంచి బయలుదేరి, నది అవతలి ఊళ్లన్నీ తిరిగి వంతెన దాటుతుంది. అదే రోజు సాయంత్రం అయిదుంబావుకి కొండల నుంచి రోగులతో డాక్టరమ్మ విమానం మీ దగ్గర దిగాలి. అయిదున్నరకి రెండో బస్సు వాళ్లను ఎక్కించుకుని బయలుదేరాలి. దాని కింద ఇలా ఉంది: విమానం దిగేవరకు బస్సు కదలదు.

నీ తమ్ముడు